వినాయకుడికి ఏసీ, అక్కకు తడి దుప్పటి

మీ పడకగది కిటికీ ఎవరిది? రిజిస్ట్రేషన్ కాగితాల మీద మీ పేరుంది కాబట్టి మీదేనంటారా? మేమూ అలాగే అనుకున్నాం. చిక్కడపల్లిలో ఫ్లాట్ కొన్నప్పుడు గోడలు, గడపలు, కుళాయిలతో పాటు కిటికీలు కూడా మావేననుకున్నాం. కిటికీకి లోపలి వైపే మాదని, బయటి వైపు కింద కొలువైన వినాయకుడిదని తర్వాత తెలిసింది.

మేమంటే నేనూ, అక్కా. అక్క సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. బావ పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. నేను పెళ్లి జోలికి పోలేదు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మూఢనమ్మకాల మీద పత్రికలకు వ్యాసాలు రాసుకుంటూ గడిపాను. బతుకంతా కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లం. 2010లో ఆ ఫ్లాట్ కొన్నప్పుడు, గోడకు మేకు కొట్టడానికి ఎవరినీ అడగనక్కర్లేదన్నదే మాకు పెద్ద సంబరం. మొదటి రోజే అక్క, తగిలించడానికి ఏమీ లేకపోయినా, హాల్లో ఒక మేకు కొట్టింది.

మా అపార్ట్‌మెంట్‌కు ఐదంతస్తులు. తూర్పు వైపు వీధి. ఆ వైపు ఫ్లాట్లకు బాల్కనీలున్నాయి. పడమటి వైపు ఫ్లాట్లకు కిటికీలు తప్ప ఏమీ లేవు. మాది పడమటి వైపు, మూడో అంతస్తు. రెండు పక్కల వేరేవాళ్ల గోడలు, వెనక కారిడార్. గాలి రావాలన్నా, ఎండ రావాలన్నా ఆ ఒక్క పడమటి గోడ నుంచే. మధ్యాహ్నం దాటాక సూర్యుడు మా గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దీపాలు పెట్టే వేళకు కూడా గోడ మీద చెయ్యి ఆనిస్తే, పెనం మీంచి అప్పుడే దించిన రొట్టెలా ఉండేది.

ఆ గోడకూ ప్రహరీకీ మధ్య ఖాళీ జాగాలో, సరిగ్గా మా కిటికీల కింద, వినాయకుడి గుడి.

చిన్నప్పుడు మా నాయన నన్ను నారాయణగూడలో జరిగే ఆదివారం చర్చలకు తీసుకుపోయేవాడు. వితంతు వివాహాల మీద, కులాంతర వివాహాల మీద పెద్దవాళ్లు గొంతులు పోయేలా వాదించుకునేవాళ్లు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. జవాబు చెప్పేముందు ఎదుటివాళ్ల వాదన నువ్వే చెప్పాలి. వాళ్లు "అవును, మేమన్నది అదే" అని ఒప్పుకున్నాకే నీ మాట మొదలుపెట్టాలి. ఆ పద్ధతిలోనే ముందు గుడి పక్షం చెబుతాను.

మేము రాకముందు ఆ జాగాలో ప్రహరీ కూలిపోయి ఉండేదట. సందులో పోయే మగవాళ్లు అక్కడే నిలబడి పని కానిచ్చుకునేవాళ్లట. బోర్డు పెట్టారు. తిట్టారు. పైనుంచి నీళ్లు పోశారు. ఎవరూ మానలేదు. చివరికి ఒక నల్లరాతి వినాయకుణ్ణి తెచ్చి ప్రతిష్ఠించారు. అందరూ మానేశారు. ఇది నిజం. మనిషి ఎంత మొత్తుకున్నా వినని మగాడు రాతిని చూసి జిప్పు పైకి లాక్కున్నాడు. ఇంతవరకు గుడి పక్షానిదే గెలుపని ఒప్పుకుంటాను.

గెలిచినవాళ్లకు రూళ్లు పెట్టే హక్కు కూడా వస్తుంది. పై ఇళ్ల నీళ్లు స్వామి శిఖరం మీద పడకూడదని పంతులు గారు చెప్పారు. దాంతో పడమటి కిటికీల్లో బట్టలు ఆరేయడం పోయింది. పూలకుండీలు పోయాయి. తర్వాత ఏసీల వంతు వచ్చింది. కిటికీ ఏసీ వెనక నుంచి నీళ్లు కారతాయి కదా. అసోసియేషన్ వాళ్లు చాలా మర్యాదగా రాసుకున్నారు ఆ రూలు: ఏ ఫ్లాటు వారూ కిటికీ ఏసీలు పెట్టరాదు, స్ప్లిట్ ఏసీల బయటి యూనిట్లు ఎవరి బాల్కనీలో వారే పెట్టుకోవలెను. అందులో దేవుడి మాట లేదు, పడమర మాట లేదు. అందరికీ ఒకటే రూలు. బాల్కనీ ఉన్నవాళ్లకూ ఒకటే, లేనివాళ్లకూ ఒకటే.

మొదటి రెండు ఎండాకాలాలు ఎలాగో గడిపాం. 2012లో అక్కకు జబ్బు చేసింది.

ముందు చేతులు వణికాయి. టీ గ్లాసు సాసర్ మీద టకటకలాడేది. తర్వాత బరువు తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి. ఫిబ్రవరిలో, అందరూ ఇంకా పొద్దున పూట శాలువాలు కప్పుకుంటుంటే, అక్క ఫ్యాను కింద కొంగు తీసేసి కూర్చునేది. నారాయణగూడలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోందని చెప్పింది. మందులు రాసింది. అవి పట్టుకోవడానికి నెలలు పడుతుందంది. అక్కను బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కదాన్నే పిలిచింది.

"గుండె ఇప్పటికే గాడి తప్పి కొట్టుకుంటున్నదమ్మా. ఈ ఎండాకాలం ఎట్లన్న జేసి చల్లగుంచాలె. ఏసీ ఉన్నదా ఇంట్ల?"

"పెట్టిస్తం," అన్నాను.

ఆ సాయంత్రమే నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక ఏసీ షాపువాణ్ణి ఇంటికి తీసుకొచ్చాను. కిటికీ కొలిచాడు, తల బయటపెట్టి గుడిని చూశాడు, తల లోపలికి తీసుకున్నాడు. "ప్రెసిడెంట్ సార్‌ని అడిగిన్రా అక్కా?" అన్నాడు. ఆ బిల్డింగు సంగతి అతనికి మాకంటే ముందే తెలుసు. స్ప్లిట్ పెడదామన్నా బయటి యూనిట్ వేలాడేది ఆ గోడకే. పోనీ టెర్రస్ మీద పెడదామంటే పైపు ఆ గోడ మీదుగానే రెండంతస్తులు ఎక్కాలి.

ప్రెసిడెంటు గారు ఏదో ప్రభుత్వ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడని చెప్పలేను. అక్కకు జబ్బని తెలిసి బత్తాయిలు పట్టుకొచ్చాడు. సోఫాలో కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"మీ ఇల్లు చానా వేడున్నది మేడమ్."

"అందుకే అడుగుతున్న. డాక్టర్ రాసిన కాయితం ఇస్త. ఒక్క కిటికీకి ఒప్పుకోండి."

"ఒప్పుకుంటే నాకేం పోతది? రేపు ఇంకొకరొస్తరు. మా అమ్మకు బీపీ అంటరు. రూలంటే రూలే కదా మేడమ్. మీరే రాస్తరు గదా, చట్టం ముందు అందరు సమానమని."

నా వ్యాసం నాకే వడ్డించి, బత్తాయిలు టీపాయ్ మీద పెట్టి వెళ్లిపోయాడు. అక్క లోపలి గదిలోంచి అంతా విన్నది. "నువ్వు జర తక్కువ రాసుంటే బాగుండు," అంది.

ఇక మా ప్రయత్నాలు మొదలయ్యాయి. కోఠిలో వట్టివేళ్ల చాప కొనుక్కొచ్చి కిటికీకి లోపలి వైపు కట్టి తడిపాను. గది మొదటి గంట పుణ్యక్షేత్రంలా ఘుమఘుమలాడింది, తర్వాత చాప ఎండి చీపురుకట్టలా అయ్యింది. పడమటి గోడకు లోపల థర్మోకోల్ షీట్లు అంటించాను. వేడి ఆగిందో లేదో తెలియదు గానీ రాత్రీ పగలూ ఊడి మంచం మీద పడేవి. గచ్చు మీద నీళ్లు చల్లాను. బేసిన్లో ఐసుగడ్డ పెట్టి ఫ్యాను గాలి దాని మీదుగా వచ్చేలా చేశాను. సుల్తాన్ బజార్‌లో పల్చటి నూలు దుప్పట్లు కొని, తడిపి, పిండి, అక్క మీద కప్పేదాన్ని. కరెంటుంటే కాసేపు హాయి. ఆ ఏడు కోతలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున పోయింది మధ్యాహ్నం రావచ్చు, మధ్యాహ్నం వచ్చింది సాయంత్రానికి పోవచ్చు. ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను కొన్నాళ్లు తిరిగింది. తర్వాత బ్యాటరీ నింపుకునేంత కరెంటే ఉండేది కాదు.

కూలర్ సంగతి వేరే చెప్పాలి. కూలర్‌కు వెనక నుంచి బయటి గాలి తగలాలి. కిటికీ బయట పెట్టనివ్వరు, దానికీ నీళ్లు కారతాయి. గదిలో పెట్టి తలుపులేసి నడిపితే ఉన్న గాలినే తడిపి తడిపి మళ్లీ మన మొహాన కొడుతుంది. గోడలు చెమ్మగిల్లాయి. పేపర్లు మెత్తబడ్డాయి. అక్క ఒంటి మీద చెమట ఆరడమే మానేసింది.

"ఇది కూలర్ కాదే, ఇడ్లీ కుక్కర్," అంది అక్క. "ఇంకొంచెంసేపుంటే ఉడుకుత. దించు."

నవ్వుతూనే అన్నది. నవ్వు ఆగాక ఆయాసపడింది. మంచం పట్టె పట్టుకుని, గొంతు కింద నరం ఎగిరెగిరి పడుతుంటే, కళ్లు మూసుకుని ఏవో ఎక్కాలు గొణుక్కునేది. పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం. గుండెను మరిచిపోవడానికి అదొక దారట.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు కింద సుత్తి చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూశాను. గుడి పక్క గోడకు రంధ్రం కొడుతున్నారు. సాయంత్రానికి అందులో ఒక కిటికీ ఏసీ అమర్చారు. తూర్పు ఫ్లాట్లలో ఒకాయన స్వామివారికి సమర్పించుకున్నాడు. గుడికి అద్దాల తలుపు కూడా పెట్టారు. ఎండాకాలం దేవుడికి గంధం పూయడం, విసనకర్ర విసరడం చూశాను గానీ ఏసీ పెట్టడం దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మొత్తం కాంపౌండ్‌లో ఒకే ఒక్క కిటికీ ఏసీ. దాని వెనక ఒక ప్లాస్టిక్ బకెట్.

దిగి వెళ్లి పంతులు గారిని అడిగాను. పెద్దాయన, నా మీద కోపం లేని మనిషి. నా వ్యాసాలు చదివేవాడు కూడా.

"ఈ బకెట్లో నీళ్లు ఏం చేస్తారండీ?"

"తులసి కోటలో పోస్తానమ్మా."

"మా కిటికీలోంచి కారితే మైల నీళ్లన్నారు కదా?"

"అవి మీ ఇంటి నీళ్లు. ఇవి స్వామి నీళ్లు."

"మిషను ఒకటే కదండీ."

"మిషను ఒకటేనమ్మా," అన్నాడు ఓపిగ్గా, మొద్దు పిల్లకు పాఠం చెప్పినట్టు. "సన్నిధి వేరు."

ఒకప్పుడైతే ఆ ముక్క మీద రెండు పేజీలు రాసేదాన్ని. ఆ రోజు మెట్లెక్కి పైకొచ్చి దుప్పటి తడిపాను.

అక్క మాత్రం అందులో తనకు పనికొచ్చేది చూసింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే లిఫ్టులో దిగి, గుడి గడప పక్కన చాప వేసుకుని కూర్చునేది. అద్దాల తలుపు కింద వేలెడు సందు. ఆ సందులోంచి చల్లటి గాలి సన్నగా వచ్చేది. గుడి గోడకు వీపు ఆనించుకుంటే రాయి చల్లగా ఉండేది. సాయంత్రం దాకా అక్కడే. ఒక కునుకు కూడా తీసేది. ఇంట్లో నెల రోజులుగా పట్టని నిద్ర అది.

బిల్డింగంతా మెచ్చుకుంది. మొదటి అంతస్తులో ఉండే ఒకావిడ, అక్కను సొంత అక్కలా చూసుకునే మనిషి, నన్ను లిఫ్టు దగ్గర పట్టుకుంది.

"చిన్నక్కా, నువ్వెన్నన్న రాయి. పెద్దక్కకు మాత్రం భక్తి కుదిరింది. దేవుని గడప ఇడుస్తలేదు సూడు."

నాకు చుర్రుమంది. పైకెళ్లి అక్కతో అన్నాను: "అందరు నిన్ను సూసి నన్ను ఎక్కిరిస్తున్నరు."

"ఎక్కిరియ్యనీ. దేవుని గాలి, మనిషి గాలి అని రెండుంటయా? సల్లగున్నది, కూసున్న." చాప దులుపుతూ, "నువ్వు గూడ రా. వాదించకుంట కూసుంటె మస్తు నిద్రొస్తది," అంది.

నేనూ వెళ్లాను. నిజం చెప్పాలి కదా. నాస్తికురాలినైన నేను ఆ మే నెలలో చాలా మధ్యాహ్నాలు వినాయకుడి గడప పక్కన పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. ఎవరికీ నష్టం లేదు. అక్క ముఖంలో కొంచెం కళ వచ్చింది. నాడి నెమ్మదించిందని డాక్టరమ్మ కూడా అంది. అలాగే వానలు పడేదాకా జరిగిపోతే చాలనుకున్నాను.

జూన్‌లో తొలకరి పడింది. రెండు జల్లులు కురిసి ఆగిపోయింది. మీకు తెలుసు ఆ ఉక్క, నగరమంతా మూత పెట్టిన గిన్నెలా ఉంటుంది. ఒక సాయంత్రం హారతి వేళకు కరెంటు పోయింది. రోజంతా ఏసీలో మునిగి ఉన్న నల్లరాయి. అద్దాల తలుపు బార్లా తెరిచారు. బయటి తడిగాలి లోపలికి పోయింది. పంతులు గారు హారతి వెలుగులో చూసి ఆగిపోయారు. స్వామి నుదుటి మీద చిన్న చిన్న నీటి బిందువులు. చూస్తుండగానే అవి కలిసి తొండం మీదుగా జారాయి.

"స్వామికి చెమట పట్టింది!" ఎవరో అరిచారు.

కాసేపట్లో బిల్డింగంతా కిందికి దిగింది. పక్క సందుల్లోంచి జనం వచ్చారు. ఆడవాళ్లు కొంగులతో విసిరారు. కొబ్బరికాయలు కొట్టారు. మొదటి అంతస్తావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "కరెంటు లేక ఎంత తిప్పలు పడుతున్నవు తండ్రీ," అంటోంది. ఆమె వెనక, గోడకు ఆనుకుని, అక్క నిలబడి ఉంది. అక్క జాకెట్ వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. చెంపల మీదుగా చెమట కారుతోంది. ఒక్కరూ అటు చూడలేదు.

నేను ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లాను. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా మీద పట్టేదీ, ఆ రాతి మీద పట్టిందీ ఒకటేనని చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు.

"మేడమ్, నేను ఇంజినీర్ని. నాకు తెల్వదా? కని గిప్పుడు గీ జనం ముంగట నిలబడి చెప్పమంటరా? అందరు సంతోషంగున్నరు. ఏసీకి జనరేటర్ నుంచి ఒక్క వైరు గుంజితే ఏం పోతది?"

ఆయనకు తెలుసన్న సంగతి నన్ను కుంగదీసింది. తెలియని వాళ్లతో వాదించడం నాకు చేతనవును, నలభై ఏళ్లు అదే చేశాను. తెలిసి ఊరుకున్న మనిషితో ఏం మాట్లాడాలో ఆ ఆదివారం చర్చల్లో ఎవరూ నేర్పలేదు.

మర్నాడు వైరు గుంజారు. మా బిల్డింగుకు ఒక చిన్న జనరేటర్ ఉండేది. కరెంటు పోతే లిఫ్టు, మెట్ల దగ్గర దీపాలు దాని మీద నడిచేవి. అది ఏసీనీ లిఫ్టునూ కలిపి మోయలేకపోయింది. జనరేటర్ నుంచి లిఫ్టు కనెక్షన్ తీసేశారు. చల్లదనం బయటికి పోకుండా అద్దాల తలుపు కింద రబ్బరు పట్టీ వేశారు. గడప దగ్గర ఇనుప కడ్డీలు అడ్డం పెట్టి, దర్శనం దూరం నుంచే అన్నారు. అక్క చాప వేసుకునే చోట కొత్త హుండీ వచ్చింది.

అక్క తన చాప చుట్టుకుని పైకి వచ్చేసింది. "దేవునికి ప్రమోషనొచ్చింది, మనకు జాగ పోయింది," అంది.

నాలుగు గోడల మధ్య మళ్లీ తడి దుప్పటి. మళ్లీ ఎక్కాలు. ఆ వారంలోనే నారాయణగూడ వెళ్లి రక్తపరీక్ష చేయించుకుని ఆటోలో వచ్చాం. కరెంటు లేదు. జనరేటర్ మోగుతోంది, గుడి ఏసీ నడుస్తోంది, లిఫ్టు నిలిచిపోయి ఉంది. కాసేపు కింద కూర్చుందామన్నాను. సెల్లార్ నిండా జనరేటర్ పొగ, బయట నీడ లేదు. "మెల్లగ ఎక్కుత లే," అంది అక్క. మొదటి అంతస్తు ఎక్కింది. అక్కడ రెయిలింగు పట్టుకుని నిలబడింది. మళ్లీ ఎక్కింది. రెండో అంతస్తుకు ముందు మలుపులో మెట్టు మీద కూలబడిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. చెయ్యి పట్టుకుంటే నాడి నాకు అందలేదు, అంత వేగంగా, అంత తప్పులతడకగా కొట్టుకుంటోంది. నా కేక విని మొదటి అంతస్తావిడ నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తన చీర కొంగు తడిపి అక్క మెడకు చుట్టింది. "అక్కా, కండ్లు తెరువు, అక్కా," అని ఏడ్చింది. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని దించి, ఆసుపత్రికి తీసుకుపోయాం. రెండు రోజులుంచి పంపించారు. ఇంకోసారి ఇలా అయితే మాత్రం చెప్పలేమన్నారు.

ఆ ఆదివారం సెల్లార్‌లో జనరల్ బాడీ మీటింగ్ పెట్టించాను. అక్క పైన పడుకుని ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో అన్ని ఫ్లాట్లవాళ్లూ కూర్చున్నారు. పంతులు గారు కూడా వచ్చారు. నేను గొంతు పెంచలేదు. ముందు వాళ్ల వాదన నేనే చెప్పాను: గుడి వల్ల ఆ జాగా బాగుపడింది, పై నీళ్లు గుడి మీద పడటం మీకు బాధ. అవునన్నారు. సరే, నాకు రెండే కావాలన్నాను. లిఫ్టును తిరిగి జనరేటర్‌కు కలపాలి. మా పడకగదిలో ఏసీకి అనుమతివ్వాలి. దాని నీళ్లు ఒక్క చుక్క కూడా బయట పడకుండా పైపు వేసి మా బాత్రూంలోకే తిప్పుకుంటాం.

"నీళ్ల మాట అటుంచండమ్మా," అన్నారు పంతులు గారు. "స్వామి తల మీద యంత్రం ఉండటం కూడా మంచిది కాదు."

"పక్కన ఉండొచ్చా?"

"పక్కన సేవ. పైన దోషం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు గారు చేతులెత్తించి తేలుద్దామన్నాడు. "మేడమ్ అడిగిన దానికి ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి."

నేనెత్తాను. చుట్టూ చూశాను. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఒకామె ఒళ్లో బిడ్డ జడ విప్పి మళ్లీ అల్లుతోంది. మొదటి అంతస్తావిడ భర్త పక్కన కూర్చుని తన గాజులు లెక్కపెట్టుకుంటోంది. నా చెయ్యి ఒక్కటే. భుజం నొప్పి పుట్టేదాకా అలాగే ఉంచాను.

మీటింగ్ అయిపోయాక మెట్ల మీద మొదటి అంతస్తావిడ నన్ను కలుసుకుంది. "చిన్నక్కా, నువ్వన్నది పక్కా నిజం."

"మరి చెయ్యెందుకెత్తలే?"

"ఎవలన్న ఎత్తుతె ఎత్తుదామనుకున్న."

తర్వాతి వారంలో ఇంకా చాలామంది చెప్పారు, లిఫ్టులో, వాటర్ ట్యాంకర్ దగ్గర, కూరగాయల బండి దగ్గర. అందరిదీ అదే మాట. ఇంకొకరెత్తితే ఎత్తుదామనుకున్నారట. లెక్క వేస్తే మేము గెలిచేవాళ్లమేమో. ఆ లెక్క వేసే ఓపిక నాకు లేకపోయింది.

ఒక సాయంత్రం అక్క మంచం మీద లేచి కూర్చుంది. "పోదాం పా," అంది.

"ఇది నీ ఇల్లు. ఎందుకు పోవాలె?"

"నాదే. కని ఇండ్ల బతకరాకుంటె ఏం జేసుకుంటనే? నువ్వు ఇంకో ఏడు వాదిస్తవు. నా గుండెకు ఏడు ఓపిక లేదు."

అశోక్ నగర్‌లో ఒక పాత ఇంటి కింది పోర్షన్ కిరాయికి దొరికింది. చుట్టూ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు తెల్లారకముందే నదుల పేర్లు, రాజధానుల పేర్లు బిగ్గరగా వల్లె వేస్తుంటారు. కిటికీకి ఏసీ పెట్టుకోవచ్చా అని ఇంటాయనను అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "పెట్టుకోండి," అన్నాడు. అంతే. మొదటి రోజు ఏసీ వేసి తలుపు మూశాక అక్క చాలాసేపు పడుకుంది. ఎక్కాలు వినపడలేదు. దసరా నాటికి మందులు పట్టుకున్నాయి, చేతుల వణుకు తగ్గింది. ఎదురు హాస్టల్ ఆడపిల్లలు రైళ్ల లెక్కలు, పనీ-రోజుల లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చేవాళ్లు. అక్క బాగుపడింది. ఆ ఇంట్లో మాత్రం ఒక్క మేకు కూడా కొట్టలేదు.

2014లో చిక్కడపల్లి ఫ్లాట్ అమ్మేశాం. కొన్న దంపతులకు రూలు ముందే చెప్పాం. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. ఎండాకాలం కాన్పట. ఆమె వెళ్లిపోయాక అక్క గేటు మూసి వచ్చింది. "ఆ పిల్ల కోసమన్న ఎవలన్న చెయ్యెత్తుతరంటవా?" అని అడిగింది. నా వ్యాసాలన్నీ ఒక పక్కన పెడితే, ఆ బిల్డింగ్‌లో దేవుణ్ణి నమ్మేవాళ్ల వల్ల మాకు జరిగిన నష్టం కొంచెమే. మేమన్నది నిజమని తెలిసి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నవాళ్ల వల్ల జరిగింది ఎక్కువ.

అందుకే ఇది మీకు రాస్తున్నాను. మీ బిల్డింగ్‌లోనూ మీటింగ్ ఉంటుంది. సెల్లార్‌లో, ప్లాస్టిక్ కుర్చీల్లో, ఒక ఆదివారం పొద్దున. ఎవరో ఒకరు నిలబడి, తమ ఇంట్లో మనిషి బతకడానికి కావలసింది ఏదో అడుగుతారు. అది న్యాయమని మీకు తెలుస్తుంది. ఫోన్ జేబులో పెట్టండి. పక్కవాళ్ల వైపు చూడకండి. మెట్ల మీద చెప్పాలనుకున్న మాట అక్కడే, అందరి ముందే చెప్పండి. ఎవరైనా ఎత్తుతారేమోనని ఆగకండి. చెయ్యెత్తండి, అందరికంటే ముందు మీరు ఎత్తండి.